తాటి దుంగల మీద లైవ్

మా అత్తయ్యగారు ఆదివారం ఆరాధనని రెండుసార్లు వినేవారు. ముందు డ్రైను అవతల ఉన్న చర్చి మైకులోంచి నేరుగా, కాసేపాగి అవే మాటలు ఫోన్లోంచి. లైవ్ అంటే అక్కడ జరిగేది అక్కడికక్కడే ఇక్కడ కనపడటం అనుకుంటాం గానీ, మా ఊరి సిగ్నలు ఎక్కడెక్కడో తిరిగి తీరిగ్గా వస్తుంది. మైకులో ‘ఆమేన్’ అయిపోయాక ఫోన్లో ‘ప్రార్థన చేసుకుందాం’ అని వినపడేది. అత్తయ్యగారు దేనికీ తొందరపడేవారు కాదు. తెల్లచీర కట్టుకుని, తల మీద ముసుగు వేసుకుని, మంచినీళ్ళ బిందెకి ఆనించిన ఫోను ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఫోన్లో లేవమన్నప్పుడే లేచేవారు. మైకులో అన్నప్పుడు లేచేవారు కాదు.

"రెండింట్లో ఏది అసలుది అత్తయ్యా?" అని నేను ఏడిపిస్తే, "మైకు ఊరందరికీనమ్మా. ఫోను నాకోసమని పెట్టారు కదా పిల్లలు. పిలిచినవాళ్ళ మాట వినాలి మరి" అనేవారు.

ఆవిడ మర్యాద ఆ స్థాయిలో ఉంటుంది. నేను మెట్ట పిల్లని, కామవరపుకోట దగ్గర. మా వైపు కోపం వస్తే కోపంగానే మాట్లాడతాం, అది ఎదుటివాళ్ళకి కూడా సౌకర్యంగా ఉంటుంది. పెళ్ళయి పెదపాడు దాటి కొల్లేరు వైపున్న ఈ ఊరొచ్చాక కొన్నాళ్ళు నాకు ఎవరు మెచ్చుకుంటున్నారో ఎవరు చీవాట్లు పెడుతున్నారో తెలిసేది కాదు. ఇక్కడ తిట్టాలన్నా ముందు కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పిల్లలు బాగున్నారా అని అడిగి, ఆ తర్వాత మాట చివర అండీ తగిలించి తిడతారు. తిట్లు తిన్నవాళ్ళు కూడా "వెళ్ళొస్తానండీ" అని లేచి వెళ్తారు. నాకు ఒళ్ళు మండేది.

అసలు ఆవిడ ఆరాధనకి వెళ్ళకుండా ఫోన్లో చూడాల్సిన పని ఎందుకొచ్చిందో చెప్పాలి. మా ఊరిని రెండుగా చీలుస్తూ ఒక పెద్ద డ్రైను ఉంది. పొలాల నీళ్ళు, చేపల చెరువులు ఖాళీ చేసినప్పుడు వచ్చే నీళ్ళు అన్నీ మోసుకుని కొల్లేట్లో కలుపుతుంది. ఇటు గట్టున ఊరు, బడి, బస్సాగే చోటు. అటు గట్టున పేట, ఎప్పుడో దొరల కాలంలో మెరక చూసి కట్టిన చర్చి. అత్తయ్యగారు చర్చిని గుడి అనే అంటారు. మా ఇల్లు ఇటు గట్టున ఆఖరిది. పెరట్లో నిలబడితే చర్చి గోపురం, దాని మీద వాలిన కొంగలు కూడా కనపడతాయి. మధ్యలో ఉన్నది రెండు తాటి దుంగలు.

నేను వచ్చినప్పుడు అవి బాగానే ఉండేవి. పక్కపక్కన పరిచి, పైన మట్టి మెత్తి, ఒక పక్క పట్టుకోవడానికి వెదురు కట్టి ఉండేది. ఒక వానాకాలం వాటిలో ఒకటి కుళ్ళి, గుర్రపుడెక్కతో పాటు కిందికి కొట్టుకుపోయింది. దాని బదులు ఎవరో సన్నపాటి దుంగ తెచ్చి వేశారు. అది ఒకవైపు అడుగు పడితే రెండోవైపు లేచేది. పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని దాటేవాళ్ళు, పాలవాళ్ళు క్యాను నెత్తిన పెట్టుకుని దాటేవాళ్ళు, పడేవాళ్ళు పడుతూనే ఉండేవాళ్ళు. నీళ్ళు నడుము లోతే కాబట్టి లేచి, ఒళ్ళు కడుక్కుని, ఎవర్నీ ఏమీ అనకుండా ఇంటికి పోయేవాళ్ళు.

అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. పాత దుంగల మీద వెదురు పట్టుకుని ఎలాగో దాటేవారు గానీ కొత్త దుంగ మీద ఆవిడ వల్ల కాలేదు. కింద ఊరి వంతెన దాకా పోయి, చుట్టూ తిరిగి గట్టు మీద బండి మీద వెళ్ళొచ్చు. మా ఆయన ఒకసారి అలా తీసుకెళ్ళారు. నల్లమట్టి గట్టు, ముందురోజు వాన, ఇద్దరూ కలిసి చేపల చెరువు వైపు జారారు. దెబ్బలేమీ తగల్లేదు గానీ ఆవిడ మళ్ళీ బండి ఎక్కనన్నారు. అప్పట్నుంచి ఇల్లే గుడి అయింది. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, ప్రభువు బల్ల ఇంటికి తెచ్చి ఇస్తానన్నారు. నెలకోసారి అందరూ చర్చిలో కలిసి తీసుకునే రొట్టె, ద్రాక్షరసం. అత్తయ్యగారు చేతులు జోడించి వద్దన్నారు. మంచం పట్టినవాళ్ళకి అలా తెస్తారట, తను ఇంకా మంచం పట్టలేదట. అయ్యగారు వెళ్ళిపోయాక వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు గిన్నెలు తోమారు. తోమిన గిన్నెలే మళ్ళీ తోమారు.

ఏలూరులో ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే ఫిల్ములు వెలుతురుకి పెట్టి చూసి, "నడవగలిగినన్నాళ్ళు నడుస్తూ ఉండండమ్మా" అన్నారు. తిరుగు బస్సులో ఆవిడ ఆ మాట గురించే ఆలోచిస్తున్నారని నాకు తెలుసు. నడవగలిగినన్నాళ్ళు అంటే ఎన్నాళ్ళో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. కిటికీలోంచి చూస్తూ ఆవిడ ఒక్క మాటే అన్నారు. "గుడికొక్కసారి నడిచి వెళ్ళగలిగితే చాలమ్మా."

వంతెన గురించి ఎవరూ అడగలేదని కాదు. పంచాయతీ వాళ్ళని అడిగితే డ్రైను మాది కాదు, డ్రైనుల వాళ్ళది అనేవాళ్ళు. డ్రైనుల వాళ్ళని అడిగితే నీళ్ళు మావి, మనుషులు నడిచే దారి పంచాయతీది అనేవాళ్ళు. ఇద్దరూ ఎంతో మర్యాదగా చెప్పేవాళ్ళు. వెళ్ళినవాళ్ళు కూడా అంతే మర్యాదగా తిరిగొచ్చేవాళ్ళు.

అప్పటికి మా చర్చి లైవ్ నడిపేది ముగ్గురం. అయ్యగారి అమ్మాయి, ఏలూరులో డిగ్రీ చదువుతుంది, నవ్వుతూ మాట్లాడుతుంది, మొండిది. పేటలో ఉండే కెమెరా అబ్బాయి, తాడేపల్లిగూడెంలో ఒక స్టూడియో తరఫున పెళ్ళిళ్ళు తీస్తాడు, సొంత డ్రోను ఉంది. మూడోదాన్ని నేను. గూడెంలో ఇంజనీరింగు చదివి, ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఒక కోచింగు సెంటరుకి పాఠాల వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. ఆదివారాలు వాళ్ళిద్దరూ అక్కడ కెమెరా దగ్గర ఉంటే, నేను ఇక్కడ అత్తయ్యగారి పక్కన కూర్చుని బొమ్మ ఆగిపోయినప్పుడల్లా వాళ్ళకి మెసేజి పెట్టేదాన్ని. చీరతో ఆ దుంగ మీద దాటాలంటే నాకూ భయమే కాబట్టి ఆ ఏర్పాటు నాకు బాగానే ఉండేది.

వంతెన మీద వీడియో తీద్దామన్న ఆలోచన ముగ్గురిదీ. స్క్రిప్టు నేను రాశాను. చాలా బాగా వచ్చిందని ఇప్పటికీ అనుకుంటాను. మొదటి వాక్యమే ‘సిగ్గుండాలి’ అని మొదలవుతుంది. అత్తయ్యగారికి చదివి వినిపించాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ అంతా విన్నారు.

"బాగుందమ్మా. ఇంతకీ ఎవర్ని తిట్టావు?"

"అందర్నీ అత్తయ్యా."

"అందర్నీ అంటే, ఎవరికి వాళ్ళు పక్కవాణ్ణి అనుకుంటారేమోనమ్మా" అని మళ్ళీ బియ్యంలోకి వంగారు.

ఆ తర్వాత ఆ స్క్రిప్టు ఊరంతా తిరిగింది. ప్రెసిడెంటు గారు ‘సిగ్గు’ తీసేయమన్నారు. బడి మాస్టారు ‘నిర్లక్ష్యం’ అన్న మాట కొంచెం గట్టిగా ఉందన్నారు. మా మావయ్యగారి తమ్ముడు, అధికారులు కూడా మనలాంటి మనుషులే కదా అని ఆ పేరా మొత్తం తీయించారు. ఊళ్ళో తలో మాట తీసేసుకున్నాక నా స్క్రిప్టులో చివరనున్న ‘నమస్కారం’ ఒక్కటే మిగిలింది. కెమెరా అబ్బాయి అది కూడా అక్కర్లేదన్నాడు. "అక్కా, మాటలుంటే ఎవరూ ఆగరు. మ్యూజిక్ పెడదాం, చివర్లో ఒక లైను వేద్దాం" అన్నాడు.

చలికాలం తెల్లవారుజామున తీశాడు. డ్రైను మీద మంచు పొరలు పొరలుగా లేస్తోంది. గూడబాతులు వరసగా ఎగురుతున్నాయి. అవతలి గట్టు నుంచి పేట అమ్మాయి ఒకతె లంగా ఓణీలో, చేతిలో పాలచెంబుతో, ఆ దుంగల మీద మెల్లగా నడిచి వస్తోంది. డ్రోను పైకి లేస్తూ పోతే కింద వరిచేలు, చెరువులు, మధ్యలో సన్నటి గీతలా మా వంతెన. ఎడిట్ చేసింది నేనే. చేస్తున్నప్పుడు నేనే నోరు తెరుచుకుని చూశాను. చివర్లో చిన్న అక్షరాలతో ‘మాకు వంతెన కావాలండీ’ అని వేశాం.

రీలు పెట్టిన సాయంత్రానికే ఫోను ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. ముగ్గురం సంబరపడిపోయాం. ఆ తర్వాత కామెంట్లు చదివాం. ‘సూపర్ లొకేషన్’, ‘ఎక్కడ బ్రో ఇది’, ‘ఈ వంతెన ఎప్పటికీ ఇలాగే ఉండాలి’. చివరి లైను దాకా ఎవరూ చూసినట్టు లేదు.

ఆ వారాంతానికి ఏలూరు నుంచి మొదటి జంట దిగింది. ప్రీ వెడ్డింగ్ షూటట. వెనకాలే గూడెం నుంచి ఇంకో జంట. తర్వాత పక్క జిల్లాల నుంచి కూడా కార్లు రావడం మొదలైంది. ఎర్ర గౌన్లు, బంగారు రంగు షేర్వానీలు, పొగ వదిలే డబ్బాలు. వేరే ఊళ్ళో అయితే ఏం చేసేవారో గానీ మా ఊళ్ళో వాళ్ళకి కుర్చీలు వేశారు. ఎండలో నిలబడ్డారని మజ్జిగ ఇచ్చారు. పెళ్ళికూతుళ్ళు దుంగ మీదకి వెళ్ళడానికి భయపడితే మా ఊరివాళ్ళు నీళ్ళలోకి దిగి, చెయ్యి అందించి, ఫోటోలో పడకుండా కిందికి వంగి నిలబడేవాళ్ళు. మాది ఆఖరి ఇల్లు కాబట్టి బట్టలు మార్చుకోవడానికి మా ఇంటికే వచ్చేవారు. అత్తయ్యగారు పిన్నీసులు ఒక డబ్బాలో సిద్ధంగా పెట్టుకున్నారు. వచ్చిన ప్రతి అమ్మాయికీ కొంగు సర్ది, పిన్నీసు పెట్టి, "చల్లగా ఉండమ్మా" అని పంపేవారు.

ఒక పెళ్ళికొడుకు షేర్వానీతో సహా డ్రైనులో పడ్డాడు. గుర్రపుడెక్క మెడలో వేసుకుని లేచాడు పాపం. అత్తయ్యగారు మా ఆయన లుంగీ ఇచ్చి, వేడి టీ ఇచ్చి పంపారు. అతను ఇంటికెళ్ళి ఆ వీడియో కూడా పెట్టాడు. దాంతో వచ్చేవాళ్ళు ఇంకా ఎక్కువయ్యారు, సన్న దుంగ ఇంకా వదులైంది.

నేను అయ్యగారి అమ్మాయి మీద అరిచాను. "వంతెన బాగోలేదని చెబితే మనకి చుట్టాలొస్తున్నారేంటి? రేపు ఈ దుంగ కూడా పోతే అదీ రీలు తీసి పెట్టుకుంటారు" అన్నాను. ఊళ్ళో వాళ్ళ సంతోషం చూస్తుంటే నాకు ఇంకా మండేది. మా ఊరు ఫేమస్ అయిందని ఫోన్లలో చుట్టాలకి చెప్పుకుంటున్నారు. ఇక వంతెన ఊసు ఎత్తితే, అంత అందమైన దాన్ని తీసేస్తారా అనేవాళ్ళు కూడా తయారయ్యారు. వాళ్ళెవరూ దాన్ని దాటి రోజూ వెళ్ళాల్సినవాళ్ళు కాదు.

అయ్యగారి అమ్మాయి నా అరుపులన్నీ అయ్యేదాకా ఆగి, "వదినా, ఈసారి మనం ఏమీ చెయ్యొద్దండీ. ఫోను స్టాండుకి పెట్టేసి వదిలేద్దాం" అంది.

"ఎడిటింగు లేకుండా ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడకపోతే ఆపేద్దాం."

బడికి ఒంటిపూట మొదలైన రోజులవి. పొద్దున్నే మా గట్టున వేపమొక్క పక్కన స్టాండు నాటి, దుంగలు మొత్తం కనపడేలా ఫోను పెట్టి, చర్చి ఛానల్లో లైవ్ మొదలుపెట్టాం. మ్యూజిక్ లేదు, డ్రోను లేదు. దాటేవాళ్ళు దాటుతున్నారు. పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని, పుస్తకాల సంచీ పట్టీ పళ్ళతో కరిచి పట్టుకుని వచ్చారు. ఒకాయన సైకిలు భుజాన వేసుకుని వచ్చాడు. ఒక తల్లి చంటిదాన్ని చీరలో కట్టుకుని, రెండు చేతులూ చాచి, అడుగు వేసి ఆగి, మళ్ళీ అడుగు వేసి వచ్చింది. మా వాళ్ళు కదా, దాటిన ప్రతివాళ్ళూ ఫోను ముందుకొచ్చి "బాగున్నారాండీ" అని పలకరించి మరీ వెళ్ళారు.

మొదట ఎవరూ చూడటం లేదనుకున్నాను. తర్వాత ఒక కామెంటు వచ్చింది. ‘ఆ చెప్పులు పట్టుకుని వస్తున్నది మా అమ్మ కదా’. హైదరాబాదులో పనిచేసే మా ఊరి అబ్బాయి రాశాడు. వెనకాలే మస్కట్‌లో పనికి వెళ్ళిన ఒకావిడ, ‘మా పిల్లలు రోజూ దీని మీదేనా బడికెళ్ళేది, నాకెవరూ చెప్పలేదే’ అని రాసింది. ఆదివారం లైవ్ చూసే అలవాటున్న మా ఊరి మనుషులు ఎక్కడెక్కడ ఉన్నారో అక్కడ్నుంచి వచ్చి చేరారు. అయ్యగారి అమ్మాయి ఆ కామెంట్లు పైకి చదవడం మొదలుపెట్టింది. దుంగ మధ్యలో ఉన్నవాళ్ళు అక్కడే ఆగి జవాబు చెప్పడం మొదలుపెట్టారు. "నేను బాగానే ఉన్నానయ్యా, నువ్వు తిన్నావా?" అని ఒక తల్లి నీళ్ళ మీద నిలబడి కొడుకుని అడుగుతోంది. వెనక వరస పెరిగిపోతోంది.

"ముందు దాటండి, తర్వాత మాట్లాడుకోండి" అని నేను గొంతు చించుకున్నాను. లైవ్‌లో బాగా వినపడింది నా గొంతొక్కటే అని తర్వాత చాలామంది చెప్పారు.

ఆ గోలలో నేను అత్తయ్యగారిని చూసుకోలేదు. ఆవిడ ఇంట్లో ఫోన్లో ఇదంతా చూస్తున్నారు. చూసి, చూసి, కర్ర పట్టుకుని వచ్చేశారు. వరసలో ఉన్నవాళ్ళు పక్కకి తప్పుకున్నారు. దుంగ దగ్గర నిలబడి, చెప్పులు విప్పి, ఒక కాలు దాని మీద పెట్టారు. దుంగ కదిలింది. ఆవిడ కాలు వెనక్కి తీసుకున్నారు. చెప్పులు మళ్ళీ తొడుక్కుని, ఫోను వైపు తిరిగి దణ్ణం పెట్టారు.

"నమస్కారమండీ. నేను డ్రైను పక్కింటావిడనండీ. మా గుడి అవతల ఉందండీ. కనపడుతుందండీ, పాటలు కూడా వినపడతాయండీ. దాటలేకపోతున్నానండీ. అయ్యగారు బల్ల ఇంటికి తెస్తానన్నారండీ. మంచాన ఉన్నవాళ్ళకి అలా తెస్తారు, నేనింకా నడుస్తున్నాను కదండీ. వచ్చే వానలు దాటాక నడుస్తానో లేదో డాక్టరు గారు కూడా చెప్పలేదండీ. నడిచే రోజుల్లోనే వెళ్ళాలని ఉందండీ. నేనెవర్నీ తప్పు పట్టడం లేదు, మీకూ బోల్డు పనులుంటాయి. వీలు చూసుకుని, పట్టుకోడానికి కమ్మీ ఉన్న వంతెనొకటి వేయించండి. వచ్చినప్పుడు మా ఇంట్లో టీ తాగి వెళ్ళండి."

అంతే చెప్పి, ముసుగు సర్దుకుని ఇంట్లోకి వెళ్ళిపోయారు. ఇన్ని నెలలు పక్కన కూర్చుని బొమ్మ ఆగిపోయిందని మెసేజీలు పెట్టాను గానీ, ఆ దుంగ మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకుంటే ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియలేదు.

ఆ మాటల ముక్కని విడిగా తీసి పెట్టాలనుకున్నాం. ఎడిటర్ని కాబట్టి నేను ‘వీలు చూసుకుని’ తీసేద్దామన్నాను, టీ సంగతి కూడా. వీలు చూసుకోమంటే వాళ్ళు పదేళ్ళు చూసుకుంటారని నా బాధ. అయ్యగారి అమ్మాయి ససేమిరా అంది. అలాగే పెట్టాం. ఇప్పటికీ నా మాటే కరెక్టని నేను అంటాను, ఆ అమ్మాయి నవ్వుతుంది.

ఈసారి జనం చివరిదాకా చూశారు. కొల్లేరు చుట్టూ ఊళ్ళలో కుర్రకారు తమ తమ డ్రైనుల దగ్గర ఫోన్లు పెట్టడం మొదలుపెట్టారు. ఒక ఊళ్ళో దుంగలు, ఒక ఊళ్ళో విరిగిన సిమెంటు తూము, ఒకచోట పడవ. అందరూ మొదట్లోనే ‘నమస్కారమండీ’ అని మొదలుపెట్టేవాళ్ళు. దూరాన ఉన్న మా ఊరి పిల్లలు ఊరుకోలేదు. తల్లిని దుంగ మీద చూసిన కొడుకులు ఆఫీసులకి ఫోన్లు చేశారు, మెయిళ్ళు పెట్టారు, ఆ వీడియోనే మళ్ళీ మళ్ళీ పంపారు.

ఒక మధ్యాహ్నం రెండు జీపులు ఒకేసారి వచ్చాయి. ఒకటి పంచాయతీ వైపు నుంచి, ఒకటి డ్రైనుల వైపు నుంచి. అంతకుముందు ఆ ఇద్దరూ ఒకేచోట నిలబడగా ఊళ్ళో ఎవరూ చూడలేదు. టేపు పట్టుకుని గట్టు కొలిచారు. తర్వాత వాళ్ళలో చిన్నవాడైన ఇంజనీరు మా గుమ్మం దగ్గరికి వచ్చి చెప్పులు విప్పాడు.

"టీకి పిలిచారు కదండీ, వచ్చామండీ" అన్నాడు.

అత్తయ్యగారు అతణ్ణి మొదట పెళ్ళయిందా అని అడిగారు. తర్వాత తల్లిదండ్రులు ఎలా ఉన్నారని అడిగారు. వంతెన సంగతి అసలు అడగలేదు. అతనే తలొంచుకుని, "వేస్తామండీ. నిలబడి వేయిస్తానండీ" అన్నాడు.

నేను నమ్మలేదు. నమ్మకపోవడం నా స్వభావం, అది కూడా ఎవరో ఒకరికి ఉండాలి. స్తంభాలు వేసవిలో లేచాయి. వానలు పడగానే పని ఆగిపోయింది. అప్పుడు మేము ప్రతి శనివారం ఒక చిన్న వీడియో పెట్టేవాళ్ళం. అయ్యగారి అమ్మాయి గొడుగు వేసుకుని, వట్టి స్తంభాల ముందు నిలబడి, "ఈ వారం కూడా పనేమీ జరగలేదండీ, చూసినందుకు ధన్యవాదాలండీ" అనేది. ఆ మాట రాసింది నేను. తిట్టకుండా తిట్టడం నేను కూడా నేర్చుకున్నానని అత్తయ్యగారు మెచ్చుకున్నారు, లేదా చీవాట్లు పెట్టారు, ఆ రెండింటికీ తేడా నాకింకా పూర్తిగా తెలియదు.

ఆ వానాకాలం అత్తయ్యగారు రోజూ సాయంత్రం పెరట్లో కర్ర పట్టుకుని అటూ ఇటూ నడిచేవారు. నడక తగ్గుతుందేమోనని ఆవిడ భయం. కొన్ని రోజులు మోకాలు వాచి, గుమ్మం దాకా కూడా రాలేకపోయేవారు. ఆ రోజుల్లో నేను స్తంభాల వైపు చూడటం మానేసేదాన్ని. ఆవిడ మాత్రం నూనె రాసుకుని, మర్నాడు మళ్ళీ లేచేవారు.

దసరా సెలవులయ్యాక ఇనప పలకలు పరిచారు, రెండు వైపులా కమ్మీలు బిగించారు, పచ్చరంగు వేశారు. చూడటానికి ఏమీ బాగుండదు. మరుసటి వారం వచ్చిన ఒక జంట కారు దిగి, చూసి, కనీసం ఒక్క ఫోటో కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. ఊళ్ళో కొందరు కొంచెం నొచ్చుకున్నారు.

తర్వాతి నెల మొదటి ఆదివారం అత్తయ్యగారు తెల్లవారకముందే తలంటుకున్నారు. నేను చెయ్యి పట్టుకోబోతే వద్దని, ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని దాటారు. మధ్యలో ఆగి కిందికి నీళ్ళలోకి చూశారు. నేను తొందరపెట్టలేదు. నా జీవితంలో నేను తొందరపెట్టని కొద్ది సందర్భాల్లో అదొకటి.

మేము లోపలికి వెళ్ళేసరికి పాట మొదలైంది. బల్ల ఇచ్చే ఆదివారం కదా, జనం కిక్కిరిసి ఉన్నారు. ఆడవాళ్ళ వైపు చాపల మీద మోకాళ్ళు మోకాళ్ళకి తగులుతున్నాయి. పిల్లలు ఒళ్ళో ఉన్నారు. ఒక ముసలావిడ గడప మీద సగం లోపల, సగం బయట కూర్చుంది. ఇంత ఇరుకులో ఈవిణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలా అని వెతుకుతుంటే, కిటికీ పక్కన గోడకి ఆనుకుని ఒక మనిషి పట్టేంత చాప ఖాళీగా కనపడింది. చిన్నపిల్లలు కూడా దాని మీదికి జరగకుండా కూర్చున్నారు.

మా కెమెరా ఎప్పుడూ వేదిక వైపే ఉండేది. ఇన్ని ఆదివారాల లైవ్‌లో ఆడవాళ్ళ చాపలు ఒక్కసారి కూడా కనపడలేదు.

అత్తయ్యగారు అక్కడే నిలబడిపోయారు. ఆ చోటు ఆవిడది. మోకాలు నొప్పని గోడకి ఆనుకుంటారని పెళ్ళయిన కొత్తలో నాకు చూపించిన చోటు.

"ఇన్నాళ్ళూ ఇలాగే వదిలేశారాండీ?" అని పక్కావిణ్ణి అడిగారు.

ఆవిడ పాటల పుస్తకంలోంచి తలెత్తకుండా, "వదల్లేదండీ. మీరు వస్తారు కదా అని ఎవరం కూర్చోలేదండీ" అంది.

అత్తయ్యగారు గోడ పట్టుకుని మెల్లగా కూర్చున్నారు. కాసేపు ముసుగు ముఖం మీదికి లాక్కున్నారు. నేను గుమ్మం దగ్గరే నిలబడి ఏడ్చాను, ఎవరు చూసినా నాకు పట్టలేదు. తర్వాత ఆవిడ ముసుగు వెనక్కి తీసి, కొద్దిగా పక్కకి జరిగి, గడప మీద ఉన్న ముసలావిణ్ణి చేత్తో పిలిచారు.

"లోపలికి రండి, మనిద్దరికీ సరిపోతుందండీ."